చుట్టపు చూపు

అతిథి మర్యాదల గురించి మన పెద్దలు చెప్పని మాటంటూ లేదు. గుమ్మంలోకొచ్చినవాణ్ణి పేరూ ఊరూ అడక్కముందే కాళ్ళకి నీళ్ళివ్వాలి. అతను తిన్నాకే ఇంటివాళ్ళు తినాలి. ఆకలితో వెనక్కి పోయాడంటే ఇంటివాళ్ళ పుణ్యం కాస్తా మూటకట్టుకుపోతాడు. ఇవన్నీ చిన్నప్పట్నుంచీ మనం వింటున్నవే, చేస్తున్నవే. కాని ఎప్పుడైనా గమనించారా? ఇందులో ఉన్నదంతా ఇంటివాళ్ళ ధర్మమే. వచ్చినవాడి ధర్మం ఏమిటి? ఎప్పుడు రావాలి, ఎన్నాళ్ళుండాలి, ఎన్ని చెంబుల నీళ్ళు పోసుకోవాలి అన్న సంగతి ఎవరూ అంత గట్టిగా చెప్పినట్టు కనపడదు. చెప్పినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు కావడం చేత, అతిథులుగా వెళ్ళిన అనుభవమే గాని వంటింట్లో నిలబడ్డ అనుభవం లేకపోయిందేమో మరి.

దూర్వాసుడి సంగతే చూడండి. అడవిలో ఉన్న పాండవుల దగ్గరికి, ద్రౌపది భోజనం అయిపోయి అక్షయపాత్ర ఆ పూటకి ఖాళీ అయ్యాక, పదివేలమంది శిష్యుల్ని వెంటేసుకుని దిగాడు. నదికి పోయి స్నానాలు చేసొస్తాం, వంట సిద్ధం చెయ్యమన్నాడు. కథ చెప్పేవాళ్ళంతా, పాత్రకి అంటుకున్న ఆకుకూర ముక్కతో కృష్ణుడు లోకం కడుపు నింపిన మహిమ దగ్గర మైమరచిపోతారు. ఆయన వచ్చేలోగా ద్రౌపది గుండెల్లో ఏం జరిగి ఉంటుందో మనకే తెలుసు. "ముందు ఒక్క కబురు పంపకూడదా స్వామీ" అని ఆ మహర్షిని ఒక్కరూ అడగలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, వచ్చే జూన్‌లో నేను అతిథిగా వెళ్ళే ప్రయత్నంలో ఉన్నాను. చుట్టాలింటికి కాదు, లడఖ్‌కి. మా వారూ, నేనూ, మా వదిన (మా వారి అక్కగారు), ముగ్గురం.

ఈ మాట విని మా అత్తయ్య, "హిమాలయాలంటున్నారు, బదరీకా కేదారానికా?" అన్నారు.

"రెంటికీ కాదత్తయ్యా."

"మరి అక్కడే దేవుడున్నాడు?"

"బుద్ధుడున్నాడమ్మా" అన్నారు మా వారు.

"ఆయన మన అమరావతిలోనే ఉన్నాడుగా! దానికి అంత దూరం దేనికి?"

నవ్వుకున్నాం గాని, ఆవిడ అడిగినదాంట్లో ఒక న్యాయం ఉంది. యాత్రకి వెళ్ళేవాడికి ఒక నియమం ఉండేది. ఒంటిపూట తినడమో, నేలమీద పడుకోవడమో, కాశీలో ఏదో ఒక కూరా పండూ వదిలేసి రావడమో. తీసుకురావడానికే కాదు, వదిలి రావడానికి కూడా వెళ్ళేవాళ్ళు. ఊరికే చూసి రావడానికి వెళ్ళే మాబోటివాళ్ళకి ఏ నియమం ఉంది?

మొదటి నియమం ఆ కొండలే పెట్టాయి. మా వారు ఒక తెల్లకాగితం తీసుకుని ఆరు రోజులకి అయిదు చోట్లు రాశారు. లేహ్, ఖర్దుంగ్ లా కనుమ, నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు, త్సో మోరిరి సరస్సు. మా డాక్టరుగారు ఆ కాగితం చూసి మొదటి రెండు రోజులూ అడ్డంగా కొట్టేశారు. లేహ్ ఊరు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఢిల్లీలో విమానమెక్కితే గంటన్నర లోపే దిగిపోతాం. మనం దిగినట్టు శరీరానికి తెలియాలంటే మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. ప్రతి ఊపిరికీ అందే ప్రాణవాయువు ఆ మేరకి తగ్గిపోతుంది. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మామూలు. వాటిని లెక్కచెయ్యకుండా ఇంకా పైకి పోతే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరి ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు వెంటనే కిందికి దిగిపోవడమే అసలు మందు. మా వదినకి రక్తపోటు ఉంది కాబట్టి ఆవిడ పరీక్షలన్నీ చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే టిక్కెట్టు మాట ఎత్తాం.

కనక దిగగానే రెండు రోజులు మంచాన పడి ఉండాలి. మా వారికది నచ్చలేదు. నాకు మాత్రం మహా సంతోషమేసింది. ఇన్నేళ్ళ సంసారంలో, "రెండు రోజులు ఏ పనీ ముట్టుకోకుండా పడుకోవమ్మా" అని ఆజ్ఞాపించిన మొదటి ఊరు అదే!

వంటింటి సంగతి కూడా చెప్పాలి. ఆ ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఎసరు తెర్లుతూనే ఉంటుంది, మెతుకు మాత్రం పలుకుగానే ఉంటుంది. కుక్కరు లేకపోతే కందిపప్పు ఆశ వదులుకోవాల్సిందే. అందుకే కాబోలు, అక్కడివాళ్ళు తరతరాలుగా బార్లీ గింజల్ని వేయించి పిండి కొట్టుకుని, వెన్న వేసిన ఉప్పు టీలో కలుపుకు తింటారు. మన పేలపిండి లాంటిదే. ఒకసారి వేయించేశాక మళ్ళీ ఉడికించే పని లేదు. పుల్లలు దొరకని చోట, నీళ్ళు సరిగా కాగని చోట ఎవరో ఇల్లాలు కనిపెట్టిన పద్ధతి అయి ఉంటుంది. ఇలాంటివాటికి పేర్లు మిగలవు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా నీళ్ళ దగ్గరొచ్చింది.

నేను పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దాన్నే కరువు జిల్లా అంటారు, ఎడారి అయిపోతోందంటారు. లేహ్‌లో ఏడాది మొత్తానికి కురిసేది 100 మిల్లీమీటర్లు. మా కరువులో అయిదో వంతన్నమాట! చలి ఎడారి అన్న పేరు ఊరికే రాలేదు.

మా అమ్మ, చుట్టాలొస్తున్నారంటే ముందు బియ్యం డబ్బా చూసేది కాదు, నీళ్ళ తొట్టి చూసేది. మా పిన్ని భర్త కృష్ణా జిల్లా మనిషి. వేసవి సెలవుల్లో వచ్చి నాలుగు రోజులుండేవారు. సరదా మనిషి, పిల్లలందరికీ జీళ్ళూ మరమరాల ఉండలూ తెచ్చేవారు. పొద్దున్నే పెరట్లో నిలబడి, కాలవలో మునిగినట్టే తొట్టిలో నీళ్ళన్నీ చెంబుతో ధారాళంగా గుమ్మరించుకునేవారు. కిందపడ్డ నీళ్ళ వంక మా అమ్మ చూసే చూపు నాకింకా గుర్తే. ఒక్క మాట అనేది కాదు. బిందె చంకనేసుకుని ఊరవతల బావికి మళ్ళీ బయల్దేరేది. మా బాబాయి చెడ్డవారు కారు. కాలవ ఒడ్డున పెరిగారు, అంతే. తొట్టి నిండా నీళ్ళుంటే అవి ఎక్కణ్ణుంచొచ్చాయని ఆయన ఆలోచించే అవసరమే రాలేదు.

ఇప్పుడు నేను పోబోయేది సరిగ్గా అలాంటి ఇంటికి. అక్కడ నేనే బాబాయిని.

లడఖ్ పల్లెల్లో నీళ్ళు వాన వల్ల రావు. పైన హిమానీనదాలూ, శీతాకాలపు మంచూ కరిగి సెలయేళ్ళుగా దిగుతాయి. వాటిని చిన్న చిన్న కాలవలుగా మళ్ళించి, రాత్రిళ్ళు ఊరి కొలనులో నిలవచేసి, పగలు పొలాలకి వదులుతారు. ఎవరి మడికి ఎప్పుడు, ఎంతసేపు అన్నది తేల్చడానికి ఊళ్ళోవాళ్ళే ఒక మనిషిని నియమించుకుంటారు. ఆయన్ని చుర్పోన్ అంటారు. మా చిన్నప్పుడు వీధి కుళాయి దగ్గర బిందెలతో జరిగిన యుద్ధాలు తల్చుకుంటే, మా వీధికి కూడా ఒక చుర్పోన్ ఉంటే ఎంతమంది స్నేహాలు నిలిచేవో అనిపిస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. బార్లీ విత్తడానికి నీళ్ళు కావలసింది ఏప్రిల్, మే నెలల్లో. పైనున్న హిమానీనదాలు బాగా కరిగేది జూన్ దాటాక. ఈ రెండిటి మధ్యా పొలం ఎండుతూ కూర్చోవాలి. చెవాంగ్ నోర్ఫెల్ అనే సివిల్ ఇంజినీరు దీనికొక ఉపాయం ఆలోచించారు. చలికాలంలో వృథాగా పోయే నీటిని ఊరికి దగ్గరగా, కొండ నీడపట్టున మెట్లు మెట్లుగా ఆపి గడ్డకట్టించారు. ఊరికి దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉండడం వల్ల ఆ మంచు ముందుగా కరిగి విత్తనాల వేళకి అందుతుంది. 1980 దశకం చివరినుంచీ ఆయన చేసిన ఈ పనికి 2015లో పద్మశ్రీ ఇచ్చారు. తరవాత సోనమ్ వాంగ్‌చుక్ 2013-14 చలికాలంలో ఇంకో మార్గం పట్టారు. పైనుంచి గొట్టంలో వచ్చే నీటిని రాత్రి చలిగాలిలోకి చిమ్మించి స్తూపంలా మంచుగోపురం కట్టించారు. ఎండ తగిలే మేర తక్కువ కాబట్టి అది నెమ్మదిగా కరుగుతుంది. మనం ఆవకాయ జాడీకి వాసెన కట్టి దాచుకున్నట్టు వాళ్ళు మంచుని దాచుకుంటున్నారు.

అలా దాచుకున్న ఇంటికి ఎంతమంది అతిథులు? ఆ ప్రాంతాన్ని 1974లో యాత్రికులకి తెరిచినప్పుడు ఆ ఏడు వెళ్ళింది అయిదారు వందలమంది. 2022లో 5 లక్షలు దాటారు. 2011 లెక్కల ప్రకారం లడఖ్ మొత్తం జనాభా 2,74,289. అంటే ఇంటివాళ్ళకి దాదాపు రెట్టింపు చుట్టాలు, అందులో ఎక్కువమంది వేసవి నాలుగైదు నెలల్లోనే దిగుతారు. వాళ్ళకోసం హోటళ్ళు, హోటళ్ళకోసం బోరుబావులు, స్నానాల గదుల్లో షవర్లు, నీళ్ళు పోసే మరుగుదొడ్లు. ఆ మురికి సెప్టిక్ గుంటల్లోంచి ఇంకి భూగర్భజలాల్లో కలుస్తోందన్న బెంగ కూడా ఊరివాళ్ళకి పట్టుకుంది.

మా చర్చ ఇక్కడికొచ్చేసరికి మా మేనల్లుడు అందుకున్నాడు. "అత్తయ్యా, డబ్బు పారేసి హోటల్లో దిగేవాడు అతిథి ఎలా అవుతాడు? అతను ఖాతాదారు. బిల్లు కట్టాక ఎన్ని నీళ్ళు పోసుకుంటే ఎవరికేం?"

వాడి వాదం కొట్టిపారెయ్యదగ్గది కాదు. అతిథి అన్న మాట ఉచితంగా తినేవాడికే గాని డబ్బిచ్చేవాడికి వర్తించదని చాలామంది నమ్మకం. కాని ఆలోచించండి. మనం డబ్బిచ్చేది హోటలు యజమానికి. గది ఆయనది, పరుపు ఆయనది, రొట్టె ఆయనది. నీళ్ళు కూడా ఆయనవేనా? బోరులోంచి మనకొచ్చిన నీరు ఎక్కడో కింద ఉన్న ఊటకీ, ఆ ఊటమీద ఆధారపడ్డ మడికీ పోవలసింది. ఆ మడివాడికి మనం బిల్లు కట్టడం లేదు. అతనెవరో కూడా మనకి తెలియదు. తెలియకుండా ఎవరింట్లో తింటున్నామో, వాళ్ళకి మనం అతిథులం కాక మరేమిటి?

"మనం పోకపోతే ఇంకొకళ్ళు పోతారు. నీళ్ళెలాగూ ఖర్చయ్యేవే" అన్నారు మా వారు. తెల్లారకుండా గోడమీంచి చెయ్యిపెట్టి మన మందారాలు కోసుకుపోయే పక్కింటావిడ కూడా సరిగ్గా ఇదే అంటుంది. ఈ మాట అన్నాక ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆయనకి మందారాలంటే ప్రాణం.

పోనీ, మానేద్దామా? నిజం చెప్పాలంటే కొన్నాళ్ళు అదే అనుకున్నాను. పోకుండా ఉండడంలో ఒక సుఖం ఉంది. ఖర్చు లేదు, శ్రమ లేదు, పైగా చాలా మంచివాళ్ళమన్న తృప్తి. కాని ఆ తృప్తి అవతలివాళ్ళకి కూడు పెట్టదు. 2020లో కరోనా వచ్చి యాత్రికులు ఆగిపోయినప్పుడు, టాక్సీ నడుపుకునేవాళ్ళూ బస ఇచ్చేవాళ్ళూ ఏడాది సంపాదన పోగొట్టుకున్నారు. ఇంకో సంగతి. 2000 తరవాత హెమిస్ జాతీయవనం చుట్టుపక్కల పల్లెల్లో, ఇంట్లోనే ఒక గది అతిథులకిచ్చే పద్ధతి మొదలయింది. ఆ ఇళ్ళలో వండిపెట్టి డబ్బు చేతిలో పెట్టుకునేది ఎక్కువగా ఆడవాళ్ళే. మేకల్నీ గొర్రెల్నీ ఎత్తుకుపోయే మంచు చిరుతని చంపకుండా ఊరుకోవడానికి ఈ రాబడి ఒక కారణమయింది. చిరుత బతికుంటేనే చూడ్డానికి జనం వస్తారు మరి. లేహ్‌లో ప్లాస్టిక్ సంచులు వద్దని 1990 దశకంలో పట్టుబట్టి నిషేధం తెప్పించింది కూడా ఆడవాళ్ళ సంఘమే. గుమ్మం మూసేద్దామని వాళ్ళనలేదు. ఏం పట్టుకురాకూడదో చెప్పారు.

మా అమ్మా అంతే. చుట్టాలు రావద్దని ఏనాడూ అనలేదు. రాని ఏడు, "ఈసారి మన గడప తొక్కినవాళ్ళే లేరు" అని చిన్నబుచ్చుకునేది. ఆవిడ కోరుకున్నదల్లా, వచ్చినవాళ్ళు చెంబు ముంచేముందు ఒక్కసారి తొట్టిలోకి తొంగి చూడాలని.

కాబట్టి పోవడానికే నిశ్చయించుకున్నాం. ఎలా పోవాలన్నదే మిగిలింది. మా వారి కాగితంలో అయిదు చోట్లు రెండయ్యాయి. ఖర్దుంగ్ లా మీద, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన రోడ్డు, 18,380 అడుగులు అని పేరుబడ్డ చోట నిలబడి ఫొటో దిగాలని ఆయన కోరిక. కొలిచి చూస్తే అది 17,600 అడుగులకి మించలేదనీ, అంతకన్నా ఎత్తయిన రోడ్లు ఇప్పుడు చాలా ఉన్నాయనీ చెప్పాక ఆ ఉత్సాహం కాస్త చల్లబడింది. నుబ్రా కూడా పోయింది. దానికి మాత్రం నాకు కష్టమేసింది. అక్కడ హుండర్ ఇసకదిబ్బల్లో రెండు మూపురాల ఒంటెలున్నాయి. యార్కండ్ వర్తకుల బిడారాలతో వచ్చి, తరవాత సరిహద్దు మూసుకుపోవడంతో వెనక్కి పోయే దారిలేక ఉండిపోయిన ఒంటెల సంతతి. చుట్టపు చూపుగా వచ్చి ఆ ఇంటివాళ్ళే అయిపోయాయి పాపం.

ఇక బస. లేహ్‌లో ఇరవైనాలుగు గంటలూ వేణ్ణీళ్ళొచ్చే హోటలా, ఊరికి కాస్త దూరంలో ఒక పల్లెలో ఇంటి గదా? రెండో చోట ఇంటావిడతో ఫోన్లో నా వచ్చీరాని హిందీలో మాట్లాడాను. చాలా మర్యాదగానే, మొహమాటం లేకుండా చెప్పింది. మనిషికి రోజుకి ఒక బకెట్ వేణ్ణీళ్ళు. మరుగుదొడ్డి వాళ్ళ పాత పద్ధతిది.

ఆ పాత పద్ధతి ఏమిటో వదినకి నేనే విడమర్చి చెప్పాల్సొచ్చింది. మేడమీద చిన్న గది, మట్టి నేల, మధ్యలో కంత, మూల మట్టి కుప్ప, ఒక పార. పని అయ్యాక ఒక పారెడు మట్టి లోపలికి తొయ్యాలి. నీళ్ళ చుక్క అక్కర్లేదు. కింద గదిలో అదంతా ఎరువయి, ఏడాదికోసారి పొలానికి పోతుంది.

"ఛీ ఛీ, చెంబు లేకుండానా?" అంది వదిన.

"ఒక చెంబు వరకూ ఫరవాలేదటలే."

వదిన తెనాలిలో కాలవ పక్కింట్లో పెరిగింది. పొద్దున్నే స్నానం కాకుండా పొయ్యి ముట్టుకోదు. సాయంత్రం మళ్ళీ స్నానం. బజారుకెళ్ళొస్తే ఇంకోటి. ఆవిడ దృష్టిలో ఇది సౌఖ్యం కాదు, ధర్మం. అందుకే ఆవిడతో వాదించడం కష్టం. సౌఖ్యమయితే వదులుకోమనొచ్చు, ధర్మాన్ని ఎలా వదులుకోమంటాం? కాని నాకు చాలాకాలంగా ఒక అనుమానం. మన శుభ్రమంతా మన గుమ్మం దాకానే. మన వాకిలి అద్దంలా ఊడ్చి, చెత్త పక్కింటి గోడవైపు తోసేస్తాం. మన ఒంటి మురికి మీట నొక్కితే మాయమయిపోతుంది, ఎవరి ఏట్లో తేలిందో మనకి పట్టదు. తన మురికి తనే మట్టి కప్పి, ఎరువు చేసి తన పొలంలోనే చల్లుకునే ఆ ఇల్లాలు ముందు, రోజుకి మూడుసార్లు స్నానం చేసే మనం శుభ్రమైనవాళ్ళమా? ఈ మాట వదినతో అన్నాను. పోట్లాడుతుందనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

తరవాత అంది: "కాశీలో నేనేం వదిలేశానో నీకు తెలుసుగా అమ్మాయ్?"

తెలుసు. కాకరకాయ. ఆవిడకి పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ కాకరకాయ గిట్టదు. విశ్వేశ్వరుడు ఆ సంగతి చూసీచూడనట్టు ఊరుకున్నాడు.

"ఇక్కడ దేవుడు లేడంటూనే సరిగ్గా నాకిష్టమైందే అడుగుతున్నారే!" అంది.

గది ఇంటావిడ దగ్గరే తీసుకున్నాం. వదిన సరేననలేదు, కాదనీ అనలేదు. కాని ఆ మర్నాటి నుంచి తెనాలిలో వాళ్ళ స్నానాల గదిలో కుళాయి కట్టేసి, ఒక్క బకెట్ నింపి పెట్టుకుని అలవాటు చేసుకుంటోంది. ఇది మూడో వారం. నిన్న ఫోన్ చేసింది. మామూలు రోజుల్లో ముప్పావు బకెట్‌తో అయిపోతోందట, మిగిలింది కరివేపాకు మొక్కకి పోస్తోందట. తలంటి రోజు మాత్రం రెండు బకెట్ల దగ్గరే ఆగిపోయిందట, ఎంత ప్రయత్నించినా తగ్గడం లేదట. జడ ఒక జానెడు కత్తిరిస్తే ఒక్క బకెట్‌కి సరిపోతుందంటావా అని అడిగింది.